గ్రహణం చేసింది గాదు, ఇది 28 దినాల ముచ్చట

పుట్టిన బిడ్డకు పెదవి చీలి ఉంటే మనదిక్కు దాన్ని గ్రహణంమొర్రి అంటరు. పేరు పెట్టుడుతోనే తీర్పు గూడ ఇచ్చిన్రు. గ్రహణం పట్టిన్నాడు తల్లి బయటికొచ్చింది, కత్తిపీట ముట్టింది, అందుకే గిట్లయ్యింది అంటరు. వెన్నుపూస మీద తోలు మూసుకోకుంట, నడుం కాడ బుగ్గ లెక్క ఉబ్బుతోని బిడ్డ పుడితే ఇంక పెద్ద మాటలు పడ్తయి. పాపం అంటరు, దిష్టి అంటరు, కోడలి కడుపే మంచిది గాదంటరు. నెత్తి పైభాగం లేకుంట పుట్టి గంటలల్ల పాణమిడిసిన బిడ్డనైతే మంది చూడకముందే పాతిపెడ్తరు. ఆ తల్లి మాత్రం ఆ మాటను బతికినన్ని దినాలు మోస్తనే ఉంటది.

జర ఆలోచన చెయ్యిన్రి. గ్రహణం పట్టితే ఊరంత మీద పడ్తది, జిల్లా అంత మీద పడ్తది. ఆ దినం కడుపుతోని ఉన్నోళ్లు వేలమంది. అందరి బిడ్డలకు పెదవి చీలాలె గద? చీలదు. గ్రహణం కనవడని ఏడాది సుత మొర్రి బిడ్డలు పుడ్తనే ఉంటరు. అంటే కారణం మొగులు మీద లేదు, వేరే కాడ ఉంది. అది కడుపు లోపట, శానా చిన్న జాగల, శానా కొద్ది దినాలల్ల జరిగే కదలిక. ఆ కదలిక ఎట్ల జరుగుతదో తెలిస్తే రెండు పనులైతయి. ఒకటి, తల్లి మీద వేసిన నింద కింద పడ్తది. రెండు, మన సర్కారు ఇచ్చే గోలీలు, కిట్లు ఏ యాళ్లకు ఇయ్యాలెనో, ఏ యాళ్లకు ఇస్తున్నరో తెలుస్తది.

గుడ్డు పగలగొట్టి చూస్తే

మనకు అందరికీ తెలిసిన బడి కోడిగుడ్డు. పుంజుతోని కలిసిన నాటుకోడి గుడ్డు పగలగొడితే పచ్చసొన మీద బియ్యపుగింజంత తెల్లటి చుక్క కనవడ్తది. కోడిపిల్ల అయ్యేది ఆ చుక్కే. మిగిలిన పచ్చసొన, తెల్లసొన దానికి తిండి, నీళ్లు, మెత్తటి పరుపు. అంగడిల అమ్మే ఫారం గుడ్డుల పుంజు కలవది గనక పిండం ఉండది, అది వేరే సంగతి.

గుడ్డు బయటికొచ్చే వరకే ఆ చుక్కల వేల కణాలు తయారై ఒక పల్సటి రొట్టె లెక్క పరుచుకొని ఉంటయి. కోడి పొదుగుడు సురువు చేసిన ఒక దినంల ఆ రొట్టె నడుమ ఒక గీత పడ్తది. రెండో దినం దాటెటాలకు గుండె కొట్టుకునుడు మొదలైతది. 21 దినాలకు పిల్ల పెంకు పొడుసుకొని బయటికొస్తది. వారం పొదిగిన గుడ్డును చీకట్ల దీపం ఎదురుంగ పట్టి చూస్తే సాలెగూడు లెక్క ఎర్రటి నరాలు కనవడ్తయి గద. అవి పిల్ల నరాలు గావు, పిల్ల చుట్టు పెరిగిన పొరల మీద ఉన్న నెత్తురు నాళాలు.

ఈ పొరలు నాలుగు. ఒక పొర పిల్ల చుట్టు నీళ్ల సంచి లెక్క ఉంటది. ఇంకొకటి పచ్చసొనను చుట్టుకొని దాన్ల ఉన్న తిండిని పిల్లకు పంపుతది. మూడోది పిల్ల విడిసే మలినం దాసిపెట్టే సంచి. అదే పెంకు కిందికి పాకి గాలి గూడ గుంజుతది. నాలుగోది వీటన్నిటిని కప్పే బయటి పొర. పిల్ల పుట్టినంక ఇవేవీ మిగలవు. ఇల్లు కట్టేటప్పుడు వేసిన గోవా కట్టెల లెక్క, పనైనంక పోతయి. గుడ్డు ఉడకబెట్టి పొట్టు తీసేటప్పుడు వేలికంటే తెల్లటి పొర మాత్రం ఈ నాలుగిట్ల లేదు. అది పెంకుతోని పాటు తల్లికోడి కడుపుల తయారైన పొర, పిండం చేసుకున్నది గాదు.

మనిషికి పెంకు లేదు, గింత పచ్చసొన గూడ లేదు. కాని ఈ పొరలు మనకు గూడ ఉన్నయి. నీళ్ల సంచిని మనం ఉమ్మనీటి సంచి అంటం. బయటి పొర తల్లి గర్భసంచి గోడల వేర్లు పెట్టినట్టు పెట్టి మావి అయితది. మలినం సంచి బొడ్డుపేగుల కలిసిపోతది. అంటే మంత్రసానులు తరతరాల సంది చేతులతోని పట్టిన ఉమ్మసంచి, మావి, బొడ్డుపేగు అన్నీ పిండం తన కోసం తాను కట్టుకున్నవే. మావిల మాత్రం తల్లి గర్భసంచి భాగం గూడ కొంత కలిసి ఉంటది.

మొదటి రెండు వారాలు

ఆడామె అండం, మొగాయన కణం కలిసేది గర్భసంచిల గాదు, దాని పక్కన ఉన్న నాళంల. కలిసినంక ఒక్క కణం రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అయితయి. ఐదారు దినాలకు అది నీళ్లు నిండిన చిన్న బంతి లెక్క అయితది. బంతి గోడ అంత ఒక తీరు కణాలు. లోపట ఒక మూలకు పిడికెడు కణాలు గుంపు కట్టి ఉంటయి. బిడ్డ అయ్యేది ఆ పిడికెడే. గోడ కణాలు మావి పని చూసుకుంటయి.

ఆరేడు దినాలకు ఈ బంతి గర్భసంచి గోడకు అతుక్కుంటది. అతుక్కున్నంక గోడ కణాలు ఒక రసాయనం తల్లి నెత్తురులకు విడుస్తయి. "నేనొచ్చిన, ఈ నెల ముట్టు ఆపు" అని తల్లి ఒంటికి పంపే కబురు అది. మెడికల్ షాపుల దొరికే పరీక్ష పట్టీ మీద రెండో గీత పడేది ఆ రసాయనంతోనే. గందుకే పట్టీల వెంటనే తెల్వదు. నెల తప్పేదాక ఆగాలె.

రెండో వారంల లోపలి పిడికెడు కణాలు రెండు పొరలుగ సదురుకుంటయి. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు జొన్నరొట్టెలు అనుకోన్రి. మీది రొట్టెకు పైన ఉమ్మనీటి సంచి, కింది రొట్టెకు కింద సొనసంచి. ఈ రెండు రొట్టెలల్ల నెత్తి లేదు, కాలు లేదు, ఎడమ కుడి లేదు. అంత సాపు.

కణాలు నడుస్తయి

మూడో వారం మొదట్ల, అంటే సుమారు 15వ దినం, పై రొట్టె నడుమ ఒక గీత పడ్తది. కోడిగుడ్డుల ఒక దినానికే కనవడ్డ గీత ఇదే. ఆ గీత కాడికి పై పొర కణాలు నడిసి వస్తయి, పక్కోళ్ల చెయ్యి ఇడిసి లోపటికి దుంకుతయి. మొదలు దుంకినవి కింది పొరను పక్కకు నూకి ఆ జాగ పట్టుకుంటయి. తర్వాత దుంకినవి నడుమ పరుచుకుంటయి. దుంకకుంట పైన మిగిలినవి పై పొర. రెండు రొట్టెలు మూడు రొట్టెలైనయి.

పై పొర నుంచి తోలు, మెదడు, నరాలు అయితయి. నడిమి పొర నుంచి బొక్కలు, కండలు, గుండె, నెత్తురు, మూత్రపిండాలు. కింది పొర నుంచి పేగుల లోపలి పొర, కాలేయం, ఊపిరితిత్తుల లోపలి గోడలు. ఆ గీత ఏ దిక్కు పడ్డదో దాన్నిబట్టి నెత్తి ఎటు, కాళ్లు ఎటు అనేది తేలుతది. ఒక మనిషికి ఆకారం వచ్చే మొదటి మెట్టు ఇది. గందుకే లాబ్‌లల్ల మనిషి పిండం మీద పరిశోధన 14 దినాలు దాటొద్దని 1984ల ఇంగ్లండ్‌ల వార్నాక్ కమిటీ చెప్పింది, శానా దేశాలు ఆ గీతనే హద్దు చేసుకున్నయి.

కణాలు నడుస్తయని ఎట్ల తెలిసింది? 1920లల్ల జర్మనీల వాల్టర్ ఫోగ్ట్ అనే శాస్త్రవేత్త కప్ప జాతి పిండాల మీద అక్కడక్కడ రంగు చుక్కలు పెట్టి, ఏ చుక్క ఏడికి పోతుందో చూసుకుంట కూసున్నడు. బయట పెట్టిన రంగు లోపట తేలింది. అదే కాలంల హిల్డె మాంగోల్డ్ అనే పరిశోధక విద్యార్థిని ఇంకో పని చేసింది. కణాలు లోపటికి దుంకే మొదటి జాగను కోసి, వేరే పిండం కడుపు దిక్కు అతికించింది. ఆ పిండానికి రెండో వెన్ను, రెండో నెత్తి మొలిసినయి. అంటే ఆ జాగల ఉన్న కణాలు తాము నడుసుడే గాదు, పక్క కణాలకు ఏం గావాలెనో గూడ చెప్తయన్నట్టు. ఆ పని 1924ల అచ్చయ్యింది. అదే ఏడు ఆమె ఇంట్ల పొయ్యి మంట అంటుకొని సచ్చిపోయింది. 1935ల నోబెల్ ఆమె గురువు హాన్స్ స్పేమన్‌కు వచ్చింది. లాబ్‌ల గంత పని చేసిన ఆడిమనిషి వంటింటి మంటకు బలైంది. ఇసొంటి చావులు మనకు గూడ కొత్త గావు.

నడుసుడు అంటే ఎట్ల? కణాలు ఒకదాన్నొకటి ఊరికే ఆనుకొని ఉండవు. వాటి పొర మీద చేతుల లెక్క ప్రొటీన్లు ఉంటయి, కాడ్‌హెరిన్లు అంటరు. ఒక కణం చెయ్యి పక్క కణం చేతిని పట్టుకుంటది. ఒకే తీరు చేతులున్న కణాలు గుంపుగ ఉంటయి. గీత కాడికి వచ్చిన కణం పాత చెయ్యి విడుస్తది, ఆకారం మార్చుకుంటది, ముందుకు కాలు చాపి పాకుతది. అవసరం తీరినంక కొత్త చేతులు మొలిపించుకొని కొత్త గుంపుల కలుస్తది. క్యాన్సర్ గడ్డ నుంచి కణాలు తప్పించుకొని ఒళ్లంత పాకేటప్పుడు శానాసార్లు ఇదే పాత విద్యను వాడుకుంటయి. మనిషిని కట్టే పనే, యాళ్లగాని యాళ్లల జరిగితే మనిషిని కూలగొట్టే పని అయితది.

గరిజె అంచు లెక్క

ఇగ అసలు ముచ్చటకొద్దాం. మూడో వారం ఆఖరికి పై పొర నడిమిట్ల ఒక పట్టీ మందంగ అయితది. మెదడు, వెన్నుపాము అయ్యేది అదే. కాని అది ఇంకా సాపుగ ఉంది, గొట్టం కావాలె. ఆ పట్టీ కణాలల్ల పై మూతి చుట్టు సన్నటి దారాలుంటయి. పైజామా నాడా గుంజినట్టు ఆ దారాలు బిగుసుకుంటయి. కణం మూతి చిన్నగై, అడుగు వెడల్పుగ ఉండి, మొత్తం పట్టీ నడిమిట్ల లోతు పడి గాడి అయితది. రెండు అంచులు పైకి లేస్తయి, ఒకదాని దిక్కు ఒకటి వొంగుతయి, కలిసి అతుక్కుంటయి.

పండుగకు గరిజెలు చేసేటప్పుడు చూడున్రి. పూరీ లెక్క ఒత్తి, నడుమ పప్పుల పొడి పెట్టి, మడిచి, అంచులు రెండు కలిపి వేలితోని ఒత్తుకుంట పోతం. ఏడనన్న అంచు అతకలేదనుకో, నూనెల వేసినంక ఆన్నే ఇచ్చుకుంటది. పిండంల గూడ గట్లనే. గొట్టం మూసుకునుడు సుమారు 22వ దినం మొదలైతది. నెత్తి దిక్కు మూతి 25, 26వ దినం వరకు, తోక దిక్కు మూతి 28వ దినం వరకు మూసుకుంటది. నెత్తి దిక్కు మూసుకోకపోతే మెదడు, పుర్రె పైభాగం తయారుగావు. ఆ బిడ్డ బతకదు. వెన్ను దిక్కు మూసుకోకపోతే వెన్నుపూస చీలి, నరాలు బయటవడి, కాళ్లు పడిపోవుడు, ఒంటికి రెంటికి పట్టు లేకపోవుడు, నెత్తిల నీరు చేరుడు అసొంటి కష్టాలొస్తయి. మన దేశంల జరిగిన అధ్యయనాలన్ని కూడి చూస్తే వెయ్యి కాన్పులల్ల నాలుగు కాడ ఇట్ల జరుగుతున్నట్టు లెక్క తేలింది.

గొట్టం అంచుల కాడి నుంచి ఇంకో రకం కణాలు బయలుదేరి మొఖం దిక్కు పాకుతయి. ముక్కు, పై పెదవి, దవడ అన్నీ ముక్కలు ముక్కలుగ వచ్చి కలిసేటివే. ఆరేడు వారాలల్ల పై పెదవి ముక్కలు అతుకుతయి, ఆ తర్వాత అంగిలి. ఏదన్న ముక్క అందకపోతే, లేటైతే, ఆడ చీలిక మిగులుతది. మన గ్రహణంమొర్రి అదే. ఇంట్ల వంశంగ వచ్చే గుణాలు, కొన్ని మందులు, తల్లికి షుగరు, పొగాకు అసొంటి కారణాలు దానికి ఉంటయి. సూర్యునికి, చంద్రునికి, కత్తిపీటకు ఏం సంబంధం లేదు. మొర్రి ఆపరేషన్‌తోని మంచిగైతది, మూఢనమ్మకంతోని గాదు.

లెక్క తప్పుతున్నది ఈడనే

ఇప్పుడు కాయిదం మీద లెక్కేయిన్రి. ముట్టు వచ్చిన సుమారు 14 దినాలకు అండం విడుదలైతది. ఆ దినం గర్భం నిలిస్తే ఇంకో 14 దినాలకు నెల తప్పుతది. గొట్టం మూసుకునుడు పూర్తయ్యేది గర్భం నిలిచిన 28 దినాలకు. అంటే నెల తప్పిన రెండు వారాలకు ఆ పని ఖతం. మంచిగైనా, చెడ్డగైనా అప్పటికే తేలిపోయింది.

రెండు వారాలు నెల తప్పితే మనదిక్కు ఎంతమంది దవాఖానకు పోతరు? కంది చేనుల కలుపుకు పోయే ఆడిమనిషి, తాండూరు నాపరాయి గనులల్ల, పాలిష్ మిషిన్ల కాడ పని చేసే కూలీ, కొడంగల్ దిక్కు నుంచి ముంబై, పుణె బిల్డింగ్ పనులకు పోయిన జంట. రెండు వారాలు లేటైతే ఎండకో, పనికో, ఒంట్ల నెత్తురు లేకనో అనుకుంటరు. సర్కారు లెక్కల 12 వారాల లోపట పేరు రాయించుకుంటేనే తొందరగ రాయించుకున్నట్టు. ఆ 12 వారాల లెక్క ఆఖరి ముట్టు నుంచి మొదలైతది. గొట్టం మూసుకునుడు అదే లెక్కల ఆరు వారాలకు అయిపోయింది. "తొందరగ" అనే మాటే ఆరు వారాలు లేటు.

2022 డిసెంబర్ 21న అప్పటి సర్కారు న్యూట్రిషన్ కిట్ అని తెచ్చింది. నెత్తురు తక్కువున్న తొమ్మిది జిల్లాలు ఏరితే దాన్ల మన వికారాబాద్ ఒకటి. ఖర్జూరాలు, నెయ్యి, పోషకాల పొడి, ఐరన్ సిరప్ మంచియే. కాని కిట్టు ఇచ్చేది 13వ వారం దాటినంక. నెత్తురు పెరుగుడుకు పనికొస్తది, బిడ్డ బరువుకు పనికొస్తది. మూసుకోని గొట్టాన్ని మాత్రం మూయదు. అంగన్‌వాడిల 2015 నుంచి పెడుతున్న ఆరోగ్యలక్ష్మి అన్నం, గుడ్డు, పాలు గూడ కడుపుతోని ఉన్నట్టు పేరెక్కినంకనే.

మన సుబ్బారావు చేసిన మందు

ఈ గొట్టం సంగతికి మందు లేదా అంటే ఉంది. శానా చవుకైంది ఉంది. దాని పేరు ఫోలిక్ యాసిడ్. దాని చరిత్రల మన దేశం, మన భాషోళ్లు ఉన్నరు.

1928ల లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లులల్ల పని చేసే గర్భిణులు నెత్తురు తక్కువై సచ్చిపోతుంటే కారణం ఎతుకుడు ఆమె పని. తిండిల ఏదో తక్కువుందని పసిగట్టి, ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవుక ముద్ద పెట్టి చూసింది. నెత్తురు పెరిగింది. 1931ల ఆ సంగతి అచ్చయ్యింది. ఆ ముద్దల ఉన్నదేందో అప్పటికి తెల్వదు. అదే ఫోలేట్. 1941ల పాలకూర నుంచి దాన్ని వేరు చేసిన్రు. ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఫోలిక్ అనే పేరొచ్చింది.

లాబ్‌ల దాన్ని తయారు చేసింది అమెరికాల లెడర్లీ లాబ్, 1945ల. ఆ పరిశోధనను నడిపించింది 1895ల భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతోని సచ్చిపోయిన్రు. ఆయనకు సుత అదే జబ్బు అంటింది. ఆ జబ్బుకు ఇప్పుడు వాడే మందులల్ల ఫోలిక్ యాసిడ్ ఒకటి. 1948ల ఆయన సచ్చిపోయేనాటికి ఈ గోలీ కడుపుల బిడ్డ వెన్నును కాపాడ్తదని ఎవలకు తెల్వదు.

అది రుజువైంది 1991ల. ఏడు దేశాలల్ల, అంతకుముందే ఇట్ల బిడ్డను పోగొట్టుకున్న 1,817 మంది తల్లుల మీద పరీక్ష జరిగింది. గర్భం నిలవకముందు నుంచే దినాం 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మింగినోళ్లల్ల ఆ లోపం మళ్లీ వచ్చుడు 72 శాతం తగ్గింది. గింత స్పష్టంగ ఫలితం కనవడితే పరీక్షను నడుమనే ఆపి అందరికీ చెప్పిన్రు. ఎందుకు పని చేస్తదంటే, కణం రెండుగ చీలాలంటే లోపలి డీఎన్ఏ నకలు రాసుకోవాలె. ఆ రాతకు సిరా లెక్క పనికొచ్చేది ఫోలేట్. 22 నుంచి 28 దినాల నడుమ కణాలు దబదబ పెరిగి అంచులు లేపాలె. సిరా అయిపోతే రాత ఆగుతది, అంచు అందది. అన్ని లోపాలను ఈ గోలీ ఆపుతదని కాదు. వంశంగ వచ్చేవి, షుగరుతోని, కొన్ని ఫిట్స్ మందులతోని వచ్చేవి ఉంటయి. కాని ఆపగలిగేవి ఆపకపోవుడు తప్పు గాదా?

కందిపప్పు చాలదా అంటరు

తాండూరు కంది అంటే పేరుంది. 2022 డిసెంబర్‌ల భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది, యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దానికోసం దరఖాస్తు పెట్టింది. కందుల, పెసర్ల, శనగల ఫోలేట్ ఉంటది. తోటకూర, పాలకూర, గంగవాయిలి కూరల ఉంటది. ఇవన్నీ తినాలె, తప్పకుంట తినాలె. కాని ఫోలేట్ నీళ్లల్ల కరుగుతది, మంట మీద కొంత పోతది. మల్లమల్ల కడిగి, నీళ్లు పారబోసి, గంటలు ఉడకబెడితే మిగిలేది తక్కువ. ఇంకో మాట, పప్పు పండించేటోళ్ల ఇంట్ల పప్పు ఎంత ఉడుకుతుంది? క్వింటాలు లెక్కన మార్కెట్‌కు పోతది, ఇంట్ల చారు నీళ్లు మిగుల్తయి. ఇంట్ల అందరూ తిన్నంక ఆఖరికి తినేది కోడలు.

పోషకాలు కలిపిన బియ్యం సంగతి గూడ చూద్దాం. దానికి పెట్టిన కొలత కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. నెలకు ఆరు కిలోలంటే దినానికి 200 గ్రాములు. అంటే దినానికి 15 నుంచి 25 మైక్రోగ్రాములు. కావల్సింది 400. ఏడ సరిపోతది?

అమెరికా 1998 నుంచి పిండిల ఫోలిక్ యాసిడ్ కలుపుడు తప్పనిసరి చేసింది, అక్కడ ఈ లోపాలు తగ్గినయి. 2023 మేల ప్రపంచ ఆరోగ్య సభ గూడ దేశాలన్నీ ఈ పని చెయ్యాలని తీర్మానం చేసింది. మన దేశంల 2018ల వచ్చిన అనీమియా ముక్త్ భారత్ కాయిదంల సుత రాసి ఉంది: గర్భానికి ముందు నుంచి మొదటి మూడు నెలలదాక దినాం 400 మైక్రోగ్రాములు మింగాలని. కాయిదం మీద ఉంది. కొత్త పెండ్లి అయిన పిల్ల చేతికి రావాలె గద.

అడగవల్సింది ఏంది

పెండ్లయిందని సర్కారుకు తెల్వదా? తెలుసు. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ దరఖాస్తు మండల ఆఫీసుకు పోతది. పెండ్లికూతురి పేరు, వయసు, ఊరు, ఆధార్ అన్నీ దాన్ల ఉంటయి. 1,00,116 రూపాయల చెక్కు కోసం గింత లెక్క రాసే సర్కారు, అదే లిస్టు ఊరి ఆశకు, ఏఎన్ఎంకు ఇస్తే ఏం పోతది? ఆశమ్మ ఇంటికి పోయి మూడు నెలల గోలీలు చేతుల పెట్టి, ఎందుకో చెప్పి రావొచ్చు. మందులల్ల చవుకైన వాటిల ఇదొకటి. చెక్కు ఇచ్చే దినం నాయకులు ఫోటో దిగుతరు గద, ఆ చెక్కుతోని పాటు ఒక గోలీల పొట్లం పెట్టమని అడుగుతున్న. ఈ పని మన జిల్లాలనే మొదలుపెట్టొచ్చు. 2023ల వికారాబాద్‌కు మెడికల్ కాలేజీ వచ్చింది. ఏడాదికి ఎంతమందికి ఇచ్చిన్రు, ఎంతమంది మింగిన్రు, బిడ్డలు ఎట్ల పుట్టిన్రు అని లెక్కవెట్టి చూపెట్టుడు ఆ కాలేజీ చెయ్యగలిగే పని.

దీంతోని ఇంకో పని గూడ ఉంది. అదనంగ పని మోసే ఆశలకు పైసలియ్యాలె. ఉత్తగ ఇంకో రిజిస్టర్ నెత్తిన పెడితే రిజిస్టర్ నిండుతది గాని గోలీ కడుపుల పడది.

పెండ్లైన కొత్తల గోలీలు మింగితే పిల్లలు గారేమో అని భయపడేటోళ్లు ఉంటరు. ఫోలిక్ యాసిడ్ పిల్లలు కాకుంట ఆపే గోలీ గాదు. అది ఆకుకూరల ఉన్న విటమినే. ఇంతకుముందు ఇసొంటి బిడ్డ పుట్టిన తల్లికి పెద్ద డోసు కావాలె, అది డాక్టర్ రాస్తరు. ఫిట్స్ మందులు వాడేటోళ్లు, షుగరు ఉన్నోళ్లు గర్భం అనుకోకముందే డాక్టర్‌ను కలవాలె. ఫిట్స్ గోలీలు ఎవలంతకు వాళ్లే బంద్ చెయ్యొద్దు, అది ఇంకా ప్రమాదం. 18 నుంచి 20 వారాల నడుమ స్కానింగ్ తప్పకుంట చేయించుకోవాలె. అప్పుడు పెద్ద లోపం కనవడితే ఏం చెయ్యాలెనో తల్లి నిర్ణయించుకోవచ్చు. 2021ల సవరించిన చట్టం ప్రకారం, మెడికల్ బోర్డు తీవ్రమైన లోపమని తేల్చితే 24 వారాలు దాటినా గర్భం తీసేయించుకునే హక్కు ఉంది. ఆ సంగతి తల్లికి చెప్పుడు దవాఖానోళ్ల బాధ్యత.

లోపంతోని పుట్టిన బిడ్డ ఉంటే దాసిపెట్టొద్దు. వెన్ను చీలికకు, మొర్రికి ఆపరేషన్లున్నయి. అంగన్‌వాడిలకు, బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల లిస్టుల ఈ రెండు లోపాలు ఉన్నయి. బిడ్డను వాళ్లకు చూపెట్టాలె, పెద్ద దవాఖానకు రాయించుకోవాలె.

ఆఖరుగ అత్తలకు, మొగోళ్లకు ఒక మాట. కడుపుల మూడు పొరలు అమరుతున్నప్పుడు, గొట్టం అంచులు కలుస్తున్నప్పుడు ఆ పిల్లకు తాను కడుపుతోని ఉన్నట్టే తెల్వదు. తెల్వని పనికి ఆమెను దోషి అనుడు ఏ ధర్మం? దోషం ఉంటే, 1991 నుంచి తెలిసిన మందును గిన్నేండ్లైనా ఆమె చేతికి అందియ్యని మనందరిదీ. గ్రహణం పట్టిన్నాడు కోడలిని ఇంట్ల కూసోబెట్టుడు బంద్ చేసి, పెండ్లైన్నాడే ఆమె చేతుల గోలీ పెట్టున్రి. ఆమెకు పప్పు ముందు వడ్డించున్రి.